కొత్త రంగు కింద మూసుకుపోయిన ఎర్త్

ప్రశ్న: మాది పదేళ్ల నాటి చిన్న కారు. రెండు నెలల క్రితం రాత్రి సత్తుపల్లి దారిలో గేదె అడ్డు రావడంతో ముందు భాగం దెబ్బతింది. టింకరింగ్ షాపులో బంపరు, రేడియేటర్ ముందుండే ఇనుప ఫ్రేము, ఎడమ హెడ్‌లైటు మార్చి రంగు వేసి ఇచ్చారు. హెడ్‌లైటు మాత్రం పాత సామాన్ల కొట్లో తెచ్చినది. అప్పటి నుంచి లో బీమ్ వేస్తే ఎడమ లైటు పసుపుగా, గుడ్డిగా వెలుగుతోంది. డాష్‌బోర్డులో హై బీమ్ నీలం గుర్తు కూడా మసకగా కనిపిస్తోంది. రాత్రి ఎడమ ఇండికేటర్ వేస్తే అది నీరసంగా కొట్టుకుంటుంది, పక్కనున్న పార్కింగ్ బల్బు దానితోపాటు మిణుకుతుంది. పగలు ఇండికేటర్ బాగానే ఉంటుంది. మధ్యలో ఒకసారి హెడ్‌లైటు ఫ్యూజు కాలితే షాపువాళ్లు ఆకుపచ్చది వేశారు. ఎలక్ట్రీషియన్ స్విచ్ పోయిందన్నాడు. 2,800 రూపాయలు పెట్టి మార్పించాను, ఫలితం లేదు. ఇప్పుడు ముందు వైరింగ్ అంతా మార్చాలని, 14 వేలు అవుతుందని అంటున్నాడు. ఎల్ఈడీ బల్బులు వేస్తే సరిపోతుందని స్నేహితుడి సలహా. ఎదురుగా వచ్చేవాళ్లు నన్ను చూసి లైట్లు కొడుతున్నారు. మా ఆవిడ నర్సు, రాత్రి డ్యూటీకి రోజూ నేనే దింపాలి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందుగా ఒక పని ఈ రోజే చేయండి. ఆ ఆకుపచ్చ ఫ్యూజు తీసేయండి. ఫ్యూజు రంగు అలంకారానికి కాదు, అది ఎంత కరెంటు మోయగలదో చెప్పే గుర్తు. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఫ్యూజు పెట్టె మూత లోపల ఏ గడిలో ఎంతది ఉండాలో రాసి ఉంటుంది. మీ హెడ్‌లైటు గడి పక్కన 15 అని ఉంటే అక్కడ నీలమే ఉండాలి. 15కు సరిపోయే వైరు మీద 30 ఫ్యూజు పెడితే, ఎక్కడైనా వైరు ఒరుసుకున్నప్పుడు ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది. అదీ బంపరు వెనుక, ప్లాస్టిక్ మధ్య, మీ కంటికి కనిపించని చోట. ఈ ఒక్క విషయంలో ఒక రాత్రి కూడా ఆలస్యం చేయవద్దు.

ఇక అసలు సంగతి. మీరు వైరింగ్ మార్చాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. స్విచ్ కూడా మార్చాల్సిన పని లేకపోయింది. మీరు రాసిన లక్షణాలు మూడుగా కనిపిస్తున్నా వాటి మూలం ఒక్కటే. ఎడమ హెడ్‌లైటుకు ఎర్త్ సరిగా అందడం లేదు. మీ ఉత్తరంలో నాకు దారి చూపించిన మాట ‘పగలు ఇండికేటర్ బాగానే ఉంటుంది’ అన్నది. అది ఎందుకో చెబుతాను.

ఇంట్లో బల్బుకు కరెంటు వచ్చే వైరు ఒకటి, వెళ్లే వైరు ఒకటి. కారులో వచ్చే వైరు మాత్రమే దూరం నుంచి వస్తుంది. వెళ్లడానికి ఇనుప బాడీయే దారి, దాన్నే ఎర్త్ అంటాం. అందుకే ప్రతి హెడ్‌లైటు దగ్గర ఒక నల్ల వైరో గోధుమ రంగు వైరో బయటకు వచ్చి, ఉంగరంలాంటి లగ్గుతో బాడీకి బోల్టు బిగించి ఉంటుంది. ఆ ఒక్క బోల్టే లో బీమ్, హై బీమ్, పార్కింగ్, ఇండికేటర్ అన్నింటికీ తిరుగుదారి. వరి మడిలో నీరు పోయే తూముకు చెత్త అడ్డుపడితే నీరు అక్కడ ఆగిపోదు కదా, గట్టు ఎక్కడ పల్లంగా ఉంటే అక్కడి నుంచి పక్క మడిలోకి పొర్లుతుంది. మీ ఎడమ లైటులో జరుగుతున్నది అదే.

మీరు లో బీమ్ వేశారు. కరెంటు లో బీమ్ ఫిలమెంటులోకి, అంటే బల్బులో వెలిగే సన్న తీగలోకి వచ్చింది, ఎర్త్ దారి మూసుకుపోయి ఉంది. అదే బల్బులో పక్కనే హై బీమ్ ఫిలమెంటు ఉంది. దాని గుండా వెనక్కి నడిచి, హై బీమ్ వైరు పట్టుకుని కుడి లైటు దాకా వెళ్లి, అక్కడి హై బీమ్ ఫిలమెంటు గుండా కుడివైపు ఎర్త్ చేరింది. మూడు ఫిలమెంట్లు ఒకే తాడుకు కట్టినట్టు వరుసలో పడ్డాయి కనుక ఒక్కదానికీ పూర్తి 12 వోల్టులు అందవు. అందుకే ఆ పసుపు గుడ్డి వెలుగు. హై బీమ్ వైరులోకి దొంగదారిన కరెంటు వచ్చింది కనుక, దానికి కలిసి ఉన్న నీలం గుర్తు కూడా మసకగా వెలిగింది. నమ్మకం కుదరకపోతే ఈ రాత్రి లో బీమ్ వేసి, చలువ కళ్లద్దాలు పెట్టుకుని ఎడమ లైటు లోపలికి చూడండి. బల్బులో రెండు ఫిలమెంట్లూ నిప్పు కణికల్లా ఎర్రగా కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న లైటులో లో బీమ్ వేస్తే ఒక్కటే, అదీ కన్ను నిలపలేనంత తెల్లగా వెలగాలి.

ఇప్పుడు పగలు సంగతి. హెడ్‌లైట్లు ఆపి ఉన్నప్పుడు వాటి ఫిలమెంట్లు చల్లగా ఉంటాయి. చల్లటి ఫిలమెంటు కరెంటుకు దాదాపు అడ్డే కాదు. కాబట్టి పగలు ఇండికేటర్ కరెంటు హెడ్‌లైటు ఫిలమెంట్ల మీదుగా అవతలి వైపు ఎర్త్‌కు సునాయాసంగా పోతుంది, ఇండికేటర్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రాత్రి ఆ దారిలో ఇప్పటికే హెడ్‌లైటు కరెంటు నిండి ఉంటుంది. ఇండికేటర్‌కు వోల్టేజీ మిగలదు. అది కొట్టుకున్నప్పుడల్లా ఉమ్మడి ఎర్త్ వైరులో వోల్టేజీ పైకీ కిందకీ ఊగుతుంది, దానితో పార్కింగ్ బల్బు మిణుకుతుంది. స్విచ్ చెడితే ఇలా జరగదు. ఫ్యూజు వల్లా జరగదు.

ఎర్త్ ఎందుకు పోయిందనేది కూడా మీ ఉత్తరంలోనే ఉంది. ఫ్రేము కొత్తది, దానికి రంగు వేశారు. చాలా కార్లలో హెడ్‌లైటు ఎర్త్ బోల్టు ఆ ఫ్రేము మీదో, దాని పక్కనున్న రేకు మీదో ఉంటుంది. టింకరింగ్ చేసినవారు ప్రైమరు, రంగు, దాని మీద మెరుపు పూత అన్నీ శ్రద్ధగా వేశారు. ఆ తరువాత లగ్గును ఆ నున్నటి రంగు మీదే పెట్టి బోల్టు బిగించారు. రంగు కరెంటును పోనివ్వదు. బోల్టు మరల్లో ఎక్కడో ఒకటి రెండు చోట్ల రంగు గీసుకుపోయి ఇనుము తగులుతోంది, ఆ కాస్త తాకిడితోనే లైటు ఆ మాత్రమైనా వెలుగుతోంది. వాళ్ల పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. రంగు వేసే చేయి వేరు, కరెంటు చూసే చేయి వేరు. ఇద్దరి మధ్య ఈ బోల్టు ఎవరి బాధ్యతా కాకుండా మిగిలిపోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్న రోజుల్లో మా గురువుగారు ఏ బండి వచ్చినా టెస్ట్ ల్యాంప్ చేతిలోకి తీసుకునే ముందు ఒకే ప్రశ్న అడిగేవారు. “దీని మీద చివరిసారి ఎవరు చేయి వేశారు, ఎక్కడ వేశారు?” ఒకసారి కొత్త బానెట్టు, కొత్త ముందు రేకులు వేసిన ట్యాక్సీ వచ్చింది. హారన్ కొడితే లైట్లు మసకబారుతున్నాయి. అప్పటికే రెండు చోట్ల తిరిగి, హారన్ మార్చి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) మార్చి మా దగ్గరకు వచ్చాడు ఆ డ్రైవరు. గురువుగారు ఒక బోల్టు విప్పి, చాకు మొనతో చుట్టూ అర్ధరూపాయి బిళ్లంత మేర రంగు గీకి, మళ్లీ బిగించారు. ఆ డ్రైవరు తీసుకున్న ఊపిరి నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ముందు భాగం మార్చిన బండి ఏది వచ్చినా నేను మొదట చూసేది ఎర్త్ బోల్టునే.

మీరే పరీక్షించుకోవచ్చు, పది నిమిషాల పని. రెండు మీటర్ల పొడవున్న లావుపాటి వైరు, దాని రెండు చివరలా క్లిప్పులు ఉంటే చాలు. ఒక కొస బ్యాటరీ నెగిటివ్‌కు పెట్టండి. రెండో కొసను ఎడమ హెడ్‌లైటు ఎర్త్ లగ్గు మీద, ఆ ఇత్తడి ఉంగరానికే తగిలేలా పెట్టండి. ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా లో బీమ్ వేయమనండి. ఎడమ లైటు తెల్లగా వెలిగి, నీలం గుర్తు ఆరిపోతే రోగం తేలిపోయినట్టే. ఒక జాగ్రత్త. వైరు కొసను లగ్గుకే పెట్టండి, బల్బు సాకెట్‌లోని పిన్నుకు పెట్టవద్దు. జపాన్ పద్ధతి వైరింగ్ ఉన్న కొన్ని వాహనాల్లో బల్బు ఉమ్మడి పిన్నుకు వచ్చేది ఎర్త్ కాదు, పాజిటివ్. లో బీమ్, హై బీమ్‌లను నెగిటివ్ వైపున స్విచ్ చేస్తారు. అక్కడ పొరపాటున నెగిటివ్ తగిలిస్తే షార్ట్ అవుతుంది. పాత సామాన్ల కొట్లో కొన్న లైటుకు తోకగా వచ్చిన వైరు ముక్కను కోసి మీ వైర్లకు అతికించి ఉంటే ఈ తేడా తప్పకుండా చూసుకోవాలి. రంగుకు రంగు కలిపితే సరిపోదు. రెండు వేరు వేరు మోడళ్లలో ఒకే రంగు వైరుకు వేరే పని ఉంటుంది.

మల్టీమీటర్ ఉంటే ఇంకా ఖచ్చితంగా తెలుస్తుంది. 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, లో బీమ్ వెలుగుతుండగా నల్ల కొస బ్యాటరీ నెగిటివ్‌కు, ఎర్ర కొస ఎర్త్ లగ్గుకు ఆనించండి. మంచి ఎర్త్ అయితే 0.2 వోల్టుకు లోపే చూపించాలి. మీ దగ్గర రెండో, నాలుగో, ఆరో కనిపిస్తుందని నా అంచనా. అన్ని వోల్టులు తిరుగుదారిలోనే వృథా అవుతున్నాయని అర్థం.

ఇక్కడే మీ ఎలక్ట్రీషియన్ పొరబడి ఉంటాడు. చాలామంది మీటరును బీప్ దగ్గర పెట్టి, లగ్గు నుంచి బాడీకి ఆనించి, బీప్ వచ్చింది కాబట్టి ఎర్త్ బాగుందని తేల్చేస్తారు. మీటరు పంపేది మిల్లీ ఆంపియర్లలో కరెంటు. అది వెంట్రుకంత తాకిడి గుండా కూడా దాటిపోతుంది. కానీ 55 వాట్ల లో బీమ్‌కు కావలసింది దాదాపు 4.6 ఆంపియర్లు. దారిలో అర ఓం అడ్డు ఉన్నా చాలు, సుమారు రెండు వోల్టులు అక్కడే పోతాయి. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు పదో వంతు కాదు, దాదాపు మూడో వంతు పడిపోతుంది. కాబట్టి ఎర్త్‌ను ఎప్పుడైనా లైటు వెలుగుతుండగానే, బరువు మోస్తుండగానే పరీక్షించాలి. ఎలక్ట్రీషియన్ 14 వేల మాట మళ్లీ ఎత్తితే, ఈ వోల్టేజీ కొలిచి చూపించమని మర్యాదగా అడగండి.

బాగుచేయడం కొలవడం కన్నా తేలిక. లైట్లన్నీ ఆపి బోల్టు విప్పండి. లగ్గు ఆనే చోట గరుకు కాగితంతో రుద్దండి. రంగు పోయి, దాని కింద బూడిద రంగు ప్రైమరు కూడా పోయి, ఇనుము వెండిలా మెరవాలి. చాలామంది ప్రైమరు దగ్గరే ఆపేస్తారు, అది కూడా అడ్డే. లగ్గు రెండు ముఖాలూ అలాగే రుద్దండి. పళ్లున్న వాషరు వేసి గట్టిగా బిగించండి. బిగించిన తరువాత పైన పెట్రోలియం జెల్లీ పూయండి, లేకపోతే గీకిన చోట వానాకాలంలో తుప్పు పట్టి ఆరు నెలల్లో మళ్లీ ఇదే కథ. ఆ బోల్టు కాకుండా పక్కన రేకుకు రంధ్రం వేసి స్క్రూ దింపుతామంటే ఒప్పుకోకండి. పలుచటి రేకులో స్క్రూ పట్టు కొన్నాళ్లకే వదులవుతుంది.

ఫ్యూజు కాలడం మాత్రం వేరే సమస్య, ఎర్త్ బాగైతే అది పోదు. ఎర్త్ పోతే కరెంటు తగ్గుతుందే గాని పెరగదు. ఫ్యూజు కాలిందంటే ఎక్కడో పాజిటివ్ వైరు ఇనుముకు తగిలింది. హెడ్‌లైటు బిగించే బ్రాకెట్టు వెనుక, బంపరు బోల్టుల దగ్గర, బ్యాటరీ పళ్లెం అంచున చూడండి. వైర్ల కట్టను పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు గుద్దుడులో విరిగిపోతాయి, కొత్తవి ఎవరూ వేయరు, కట్ట కిందికి జారి బ్రాకెట్టు కింద నలుగుతుంది. కంటికి దొరకకపోతే ఒక ఉపాయం ఉంది. ఆ ఫ్యూజు మీద నడిచే బల్బులన్నీ ఊడదీసి, ఫ్యూజు తీసి, ఆ గడి రెండు కాళ్ల మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బును వైర్లతో కలపండి. హెడ్‌లైటు స్విచ్ వేయండి. బల్బు వెలగకూడదు. ఇప్పుడు వైర్ల కట్టను అంగుళం అంగుళం కదుపుతూ వెళ్లండి. బల్బు ఒక్కసారిగా వెలిగిన చోట మీ చేతి కిందే షార్ట్ ఉంది. ఫ్యూజులు వరసగా కాల్చుకోకుండా వెతకడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు. కొత్త కార్లలో లైట్లను కంప్యూటర్ మాడ్యూలు నడిపిస్తుంది, అక్కడ ఇలా బల్బు పెట్టకూడదు. మీది ఫ్యూజు, రిలే మీద నడిచే పాత పద్ధతిదైతే నిశ్చింతగా చేయవచ్చు.

ఆ వైర్ల మధ్య పసుపు రంగు కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు) గాని పసుపు తొడుగున్న వైరు గాని కనిపిస్తే దాన్ని తాకవద్దు. అది ఎయిర్‌బ్యాగుది. ముందు ఫ్రేము మీద గుద్దుడును పసిగట్టే సెన్సరు ఉండవచ్చు. ఫ్రేము మార్చినప్పుడు దాన్ని తిరిగి బిగించారో లేదో కూడా అడగండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకుండా నిలిచినా, అసలు వెలగకపోయినా కంపెనీ సర్వీసు కేంద్రానికే తీసుకువెళ్లండి. లైటు సంగతి కన్నా ఇది ముందు.

ఎదురువాళ్లు లైట్లు కొట్టడానికి కారణం రెండు రకాలుగా ఉండవచ్చు. ఇప్పుడు కుడి లైటులో హై బీమ్ ఫిలమెంటు కొంత వెలుగుతోంది, ఎర్త్ బాగైతే అది పోతుంది. దానితోపాటు ఎడమ లైటు చూపు పైకి లేచి ఉండవచ్చు. సమతలమైన చోట గోడకు ఐదు మీటర్ల దూరంలో కారు నిలపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి ఉండాలి, లైటు ఎత్తు మార్చే చక్రం ఉంటే సున్నా మీద ఉంచండి. హెడ్‌లైటు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడ మీద గుర్తు పెట్టండి. లో బీమ్ పై అంచు ఆ గుర్తుకు ఐదు సెంటీమీటర్లు కిందికి పడాలి. ఆ అంచు కుడివైపు చదునుగా ఉండి ఎడమవైపు కొద్దిగా ఎగబాకాలి. మనం రోడ్డుకు ఎడమ పక్క నడుస్తాం కనుక, ఎడమ అంచున నడిచే మనుషులు, సైకిళ్లు కనిపించడానికి అలా చేస్తారు. మీ సెకండ్ హ్యాండ్ లైటులో అది కుడివైపు ఎగబాకుతూ ఉంటే, ఆ లైటు కుడివైపు నడిచే దేశాల కోసం చేసినది. గల్ఫ్ నుంచి వచ్చిన విడిభాగాలలో ఇలాంటివి ఉండవచ్చు. ఎంత తిప్పినా అది సరి కాదు, ఎదురు డ్రైవరు కళ్లలోకే కొడుతుంది. లైటునే మార్చాలి. అంచే కనబడకుండా వెలుగు చెల్లాచెదురుగా పడుతుంటే ముందు బల్బు తీసి చూడండి. మూడు చెవులున్న ఆ బల్బు గాడిలో ఒకే తీరున కూర్చుంటుంది. పక్కకు కూర్చోబెట్టి తీగ క్లిప్పును బలవంతంగా వేసి ఉంటారు. తీసేటప్పుడు గాజును వేళ్లతో తాకకండి, జిడ్డు అంటిన చోట వేడెక్కి గాజు దెబ్బతింటుంది.

ఎల్ఈడీ బల్బుల సలహా ఇచ్చిన మీ స్నేహితుడు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ దయచేసి వద్దు. మీ హెడ్‌లైటు లోపలి అద్దాన్ని 60/55 వాట్ల బల్బులో ఫిలమెంటు ఎక్కడ ఉంటుందో ఆ బిందువును బట్టి మలిచారు. వెలుగు పుట్టే చోటు కాస్త మారినా రోడ్డు మీద పడవలసిన కాంతి ఎదురు మనిషి ముఖం మీద పడుతుంది. పైగా ఎల్ఈడీకి తక్కువ కరెంటు చాలు కనుక చెడ్డ ఎర్త్ మీద కూడా బాగానే వెలుగుతుంది, లోపం కనిపించకుండా అలాగే మిగిలిపోతుంది. 100/90 వాట్ల బల్బులూ వద్దు. అవి ఎనిమిది ఆంపియర్లకు పైగా లాగి పాత సాకెట్లను కరిగిస్తాయి. నేను మార్చిన కరిగిన సాకెట్లలో ఎక్కువ భాగం అలాంటి బల్బులు వేసినవే.

అన్నీ అయ్యాక ఒకసారి చీకటిలో ఇంజన్ నడుపుతూ లో బీమ్, ఇండికేటర్, బ్రేకు, హారన్ కలిపి వేసి చూడండి. ఒకటి వేస్తే ఇంకొకటి కదలకూడదు. రెండు హెడ్‌లైట్లూ ఒకే తెలుపు రావాలి. ఈ పని పూర్తయ్యే దాకా, వీలైతే మీ ఆవిడను డ్యూటీకి దింపడానికి వేరే బండి చూసుకోండి. తప్పనిసరై ఇదే తీసినా వేగం బాగా తగ్గించండి, ఎడమ అంచున నడిచేవాళ్లు మీకు కనిపించడం లేదని గుర్తుంచుకోండి. బోల్టు గీకి బిగించాక కూడా నీలం గుర్తు మసకగా వెలుగుతుంటే, ఎడమ లగ్గు దగ్గర, కుడి లగ్గు దగ్గర లో బీమ్‌లోను హై బీమ్‌లోను వచ్చిన నాలుగు రీడింగులు, సాకెట్ వెనుక వైర్ల రంగులు కాగితం మీద రాసి పంపండి.